ఇద్దరూ ఒకేరోజు మొదలుపెట్టాలి

డ్రైవింగ్ స్కూల్లో ఆమెకు పడిన పేరు బ్రేకమ్మ. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు కంగారుపడి బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కితే, పక్కన కూర్చున్న ఈవిడ తన కాలితో బండి ఆపుతుంది. పదకొండేళ్ళుగా అదే పని. ఆమె కాలు అడ్డం పడకపోతే ఈపాటికి ఆ ఊళ్ళో ఎన్ని గోడలు కూలేవో, ఎంతమంది దారినపోయేవాళ్ళు ఆస్పత్రి పాలయ్యేవారో చెప్పలేం. వెనకాల తనను బ్రేకమ్మ అంటారని ఆమెకు తెలుసు. కష్టపడి సంపాదించుకున్న పేరే కదా అని ఊరుకుంటుంది.

మనిషి గట్టిది. గేరు మార్చేటప్పుడు కిందికి చూసే పెద్దమనుషులను కూడా, "గేరు రాడ్డు ఎక్కడికీ పారిపోదండీ, రోడ్డు చూడండి" అని మందలిస్తుంది. పక్కవాళ్ళ మోకాలు వణికే తీరును బట్టి ఏ పెడలు తొక్కబోతున్నారో ముందే పసిగడుతుంది. అరవై దాటిన అమ్మమ్మలకు కూడా లైసెన్సులు ఇప్పించింది. లారీ డ్రైవరు ఎదురొచ్చి హారన్ మోగిస్తే అద్దం దించి అతని కళ్ళలోకి సూటిగా చూసేది, అతనే తల తిప్పుకునేవాడు.

అలాంటి మనిషిని ఏడాదిన్నరగా ఒక వాసన ఏడిపించుకు తింటోంది.

ఆ వాసన ఎక్కడిదో చెప్పడానికి మొహమాటపడితే ఈ కథే లేదు కాబట్టి ఉన్నమాట చెప్పేద్దాం. ఆమెకు యోనిలో ఇన్ఫెక్షన్. నీళ్ళలా పల్చగా, కాస్త బూడిదరంగులో తెల్లబట్ట అవుతుంది. దానికి పచ్చిచేపల వాసన. నెలసరి అయ్యాక ఒకసారి, భర్తతో కలిసిన మర్నాడు ఒకసారి అది మరీ ఎక్కువవుతుంది. నొప్పి లేదు, జ్వరం లేదు, దురద కూడా పెద్దగా లేదు. ఉన్నదల్లా తడి, వాసన, వాటి వల్ల పుట్టే ఒళ్ళుమంట. డాక్టర్లు దాన్ని బాక్టీరియల్ వెజైనోసిస్ అన్నారు. లోపల ఉండవలసిన మంచి బాక్టీరియా తగ్గిపోయి, ఉండకూడనివి గుంపుగా చేరిపోవడమట. ప్రాణం తీసే జబ్బు కాదు. ప్రాణం విసిగించే జబ్బు. చస్తే జాలిపడేవాళ్ళుంటారు గానీ, విసిగిపోయిన ఆడదాని మీద జాలిపడేవాళ్ళను ఈ కథ చెబుతున్న నేనైతే చూడలేదు.

మొదటిసారి వీధి చివరి క్లినిక్‌లో డాక్టరమ్మ వారం రోజులకు మాత్రలు రాసింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మింగిన అరగంటకు నోట్లో తుప్పుపట్టిన మేకు పెట్టుకున్నట్టుండేది. కడుపులో తిప్పేది. ఆ తిప్పుడుతోనే పొద్దున ఆరున్నర బ్యాచికి రివర్సు నేర్పింది. వెనక్కి వంకరటింకరగా పోయే బండిలో కూర్చుని వాంతి ఆపుకుంటూ, "అద్దంలో చూడండి, నా మొహం కాదు, అద్దం" అని చెప్పడం ఎలా ఉంటుందో ఆమెకే తెలియాలి. వారానికి వాసన పోయింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది.

డాక్టరమ్మ మళ్ళీ అవే మాత్రలు రాసింది. మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. మూడోసారి క్లినిక్‌కు వెళ్ళే ఓపిక లేక, మెడికల్ షాపు ముందు నిలబడి గొంతు తగ్గించి చెప్పుకుంది. షాపాయన మాత్రం గొంతు తగ్గించలేదు. "లేడీస్ ప్రాబ్లమేనా మేడమ్?" అని వీధికంతా వినిపించేలా అడిగి, అసలు ఈ జబ్బుకు సంబంధం లేని ఫంగస్ మందు చేతిలో పెట్టాడు. పది రోజులు వాడితే మంట కొత్తగా వచ్చింది, వాసన పాతదే ఉంది. తరవాత లోపల రాసుకునే క్రీము వారం. ఆ తరవాత మళ్ళీ మాత్రలు. అవీ పని చేయకపోతే, ఈసారి పధ్నాలుగు రోజులు వేసి చూద్దామన్నారు. ప్రతిసారీ అదే వరస. తగ్గుతుంది, ఆమె మొహంలో కాస్త కళ వస్తుంది, మూడు వారాలో నాలుగు వారాలో గడిచాక ఒక సాయంత్రం బట్టలు మార్చుకుంటూ ఉండగా కథ మొదటికొస్తుంది. బాత్రూములో ఒక్కతే నిలబడి పళ్ళు నూరేది. ఎవరి మీద నూరాలో తెలియకపోవడం అన్నిటికన్నా పెద్ద నరకం.

వాళ్ళక్క ఫోనులో, కాస్త శుభ్రంగా ఉండవే అంది. అక్క ప్రేమతోనే అంది. కానీ ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది. శుభ్రం ఆమెకు ఒకరు చెప్పాలా? రోజుకు మూడుసార్లు స్నానం చేస్తోంది. సువాసన సబ్బు చాలదని మందుల వాసన వచ్చే లోషన్ నీళ్ళలో కలిపి, చేతి షవరుతో లోపలిదాకా కడుగుతోంది. కడిగిన గంటసేపు ఏమీ ఉండదు. మర్నాటికి ఇంకా ఎక్కువ. ఎక్కువైతే ఇంకా గట్టిగా కడిగేది. తను చేస్తున్నది మంటకు గాలి విసరడమేనని అప్పటికి ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు.

ఇక కారు సంగతి. కారంటే ఏమిటి, నాలుగు తలుపుల డబ్బా. అందులో తను, పక్కన నేర్చుకునే మనిషి, వెనక సీట్లో వంతు కోసం కూర్చున్న మరో ఇద్దరు. తన వాసన వాళ్ళకు తగులుతోందేమోనన్న భయం ఆమెను పురుగులా తొలిచింది. నిజానికి ఎవరికీ తగల్లేదు. వాసన అంత దూరం రాదు. కానీ ఆ నమ్మకం ఆమెకు ఎవరివ్వాలి? అందుకని బండెక్కగానే నాలుగు అద్దాలూ దింపించేది. ఎందుకండీ అని ఎవరైనా అడిగితే, బయటి శబ్దాలు వినబడాలి, హారన్లు వినబడాలి అని ఒక కారణం కల్పించి చెప్పేది. బాగానే ఉంది కదా అని అందరూ ఒప్పుకున్నారు. ఎండాకాలం దుమ్ము తిన్నారు, చలికాలం ముక్కులు తుడుచుకున్నారు, వానాకాలం సగం తడిసి నేర్చుకున్నారు. బ్రేకమ్మ ఏదైనా చెప్పిందంటే దానికో లెక్క ఉంటుందని వాళ్ళ నమ్మకం.

ఆ నమ్మకమే కొంప ముంచింది. ఒకరోజు లైసెన్సు పరీక్షల మైదానంలో వాన. ఆమె దగ్గర నేర్చుకున్న బ్యాంకు ఉద్యోగిని పరీక్షకు కూర్చుంది. సీటు సర్దుకుంది, బెల్టు పెట్టుకుంది, అద్దం సరిచేసుకుంది, ఆ తరవాత నాలుగు కిటికీల అద్దాలూ కిందికి దించేసింది. వాన నేరుగా పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టరు ఒళ్ళో ఉన్న కాగితాల మీద పడింది. ఆయన పైకెత్తమంటే, దించకపోతే మార్కులు పోతాయి కదండీ అందిట ఆ అమ్మాయి అమాయకంగా. వెనక వచ్చిన రిటైర్డు లెక్కల మాస్టారు కూడా అంతే చేశాడు. మూడో మనిషీ అంతే.

ఇన్‌స్పెక్టరు తడిసిన కాగితాలు విదిలించుకుంటూ, రేకుల షెడ్డు కింద నిలబడి ఉన్న ఆమె దగ్గరికి వచ్చాడు. చుట్టూ నాలుగు స్కూళ్ళ వాళ్ళున్నారు.

"ఏంటమ్మా, మీ స్కూల్లో ఇదేమన్నా కొత్త రూలా? మీ వాళ్ళంతా వానలో అద్దాలు దించుకుని వస్తున్నారు?"

అందరూ నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చినట్టు మొహం పెట్టవలసి వచ్చింది. ఇంటికెళ్ళాక మాత్రం నవ్వు రాలేదు. తన జబ్బు తన ఒంట్లోంచి బయటికొచ్చి, నేర్పే పాఠంలోకి కూడా దూరిపోయిందని అర్థమై ఏడుపొచ్చింది. పదకొండేళ్ళు కష్టపడి నేర్చుకున్న పని. ఇది ఇలాగే సాగితే కారులో కూర్చోవడం మానేసి, ఆఫీసులో దరఖాస్తులు నింపుకోవాలి. పోనీ అదీ చేద్దామనుకుంటే, అక్కడ గది ఇంకా చిన్నది.

మర్నాడే సెలవు పెట్టి, పాత చీటీలన్నీ ప్లాస్టిక్ కవరులో వేసుకుని పెద్దాసుపత్రికి వెళ్ళింది. రెండు గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచిన డాక్టరు యాభై ఏళ్ళ ఆవిడ, జుట్టు సగం నెరిసింది, మాట పొదుపు. చీటీలన్నీ తేదీల వరసలో టేబుల్ మీద పరుచుకుంది. నమూనా తీసి, గాజు పలక మీద పూసి, పక్క గదిలో మైక్రోస్కోపు కింద తనే చూసి వచ్చింది. జబ్బు అదేనంది. రోగి శుభ్రతకూ దీనికీ సంబంధం లేదని కూడా చెప్పింది. ఆ మాటకు ఎక్కడ ఏడ్చేస్తానోనని బ్రేకమ్మ కిటికీ వైపు చూసింది.

లోపల కడగడం గురించి విన్నప్పుడు మాత్రం డాక్టరుకు కోపమొచ్చింది. లోషన్లు, సబ్బులు, షవరు ఆ రోజే ఆపేయమంది. లోపలి భాగం తన శుభ్రం తనే చూసుకుంటుందని, మిగిలిన కాస్త మంచి బాక్టీరియాను ఆమే స్వయంగా కడిగి పారబోస్తోందని చెప్పింది. తరవాత కళ్ళజోడు పైకి తోసుకుని ఇంకో ప్రశ్న అడిగింది.

"ఇన్నిసార్లు మీకు మందిచ్చారు. మీవారికి ఎవరైనా ఇచ్చారా?"

"ఆయనకేం లేదండీ."

"ఆయనకు ఏమీ తెలియదు. లేదని కాదు."

ఆ తరవాత డాక్టరు నెమ్మదిగా విడమరిచింది. ఈ బాక్టీరియా మగవాళ్ళ చర్మం మీద, మూత్రనాళంలో చేరి కూర్చోవచ్చట. వాళ్ళకు వాసన ఉండదు, బాధ ఉండదు. ఆమెకు తగ్గిన తరవాత కలిసినప్పుడు మళ్ళీ ఆమెకు అంటుకోవచ్చు. ఎవరు ఎవరికి ఇచ్చారన్న తగాదా అనవసరం, ఎవరో తప్పు చేస్తేనే వస్తుందనీ కాదు. ఇదివరకు తామూ మగవాళ్ళకు మందిచ్చేవాళ్ళం కాదని, ఊరికే మాత్రలిచ్చి చూస్తే లాభం కనబడలేదని, మాత్రతోపాటు పైన రాసుకునే క్రీము కూడా ఇస్తే చాలామందిలో తిరగబెట్టడం తగ్గుతోందని ఈమధ్యే తెలిసిందని చెప్పింది. అందరికీ తగ్గుతుందని మాత్రం మాట ఇవ్వలేదు. చీటీలో ఇద్దరికీ మందులు రాసి, కింద ఒక వాక్యం రాసి గీత గీసింది. ఇద్దరూ ఒకేరోజు మొదలుపెట్టాలి. ఆ వారం దూరంగా ఉండాలి.

ఇప్పుడు భర్త గురించి చెప్పాలి. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. చెడ్డవాడు కాదు. తాగడు, తిరగడు, గొంతు పెంచడు. నిదానస్తుడు. రోజంతా మనుషుల ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి, ఇది బాగుందా, ఇదా అని అడగడం ఆయన పని. ఇంట్లో కూడా అంతే. గోడకు రంగు వేయాలంటే రెండు నెలలు పట్టింది. కూతురికి తొమ్మిదో తరగతిలో సైకిలు కొందామని మొదలుపెట్టి, ఆ పిల్ల పదిలోకి వచ్చాక కొన్నాడు. అంత నిదానమే ఆమెకు ఒకప్పుడు నచ్చింది కూడా. తన వేగానికి ఎవరో ఒకరు బ్రేకు కావాలి కదా అని నవ్వేది.

ఏడాదిన్నరగా ఆమె పడుతున్న యాతన ఆయన చెవిన పడలేదని కాదు. ప్రతిసారీ చెప్పింది. మళ్ళీ వచ్చిందండీ అనేది. ఆయన పేపరు మీంచి కళ్ళు ఎత్తకుండా, డాక్టరుకు చూపించుకో అనేవాడు. మాటలో విసుగు కూడా ఉండేది కాదు. విసుగుంటే కనీసం పోట్లాడొచ్చు. గోడకు చెప్పుకున్నట్టుండేది.

పెద్దాసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం, కూతురు ట్యూషన్‌కు వెళ్ళాక చీటీ ఆయన ముందు పెట్టింది. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పింది. ఆయన చీటీ రెండు వైపులా చూశాడు. తనకేమీ లేదు కదా అన్నాడు. తనెక్కడికీ పోలేదు కదా అన్నాడు. పోయారని ఎవరూ అనలేదని, ఇందులో అనుమానం సంగతే లేదని ఆమె మళ్ళీ మొదటినుంచి చెప్పింది. చెప్పేకొద్దీ ఆయన చెవులు ఎర్రబడ్డాయి. క్రీము ఎక్కడ రాసుకోవాలో విన్నప్పుడైతే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాడు. చివరికి సరే అన్నాడు. పదిహేడేళ్ళ కాపురంలో ఆయన సరే అన్నాక కాదన్నది లేదు. ఆమెకు నెత్తిన పాలు పోసినట్టయింది.

సోమవారం పొద్దున ఆమె మొదటి మాత్ర వేసుకుంది. ఆయన తన స్ట్రిప్పు, ట్యూబు ఖాళీ కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని షాపుకు పట్టుకెళ్ళాడు. ఇంట్లో కూతురి కంట పడుతుందేమోనన్నాడు. నిజమే కదా అనుకుంది. వేసుకుంటున్నారా అని మూడో రోజు అడిగితే తలూపాడు. ఆ తలూపడానికి అర్థం తరవాత తెలిసింది. వారం పూర్తయింది. తుప్పు రుచి పోయింది. కడగడం మానేసింది, లోషను సీసా చెత్తబుట్టలో వేసింది. వాసన లేదు. రెండు వారాలు లేదు. ఆ సంతోషంలో ఇద్దరూ దగ్గరయ్యారు కూడా. మూడో వారం చివర ఒక ఆదివారం కాస్త అనుమానమొచ్చింది. సోమవారం సాయంత్రానికి అనుమానం తీరిపోయింది.

వంటింటి గట్టు పట్టుకుని నిలబడి, మళ్ళీ వచ్చిందండీ అంది. ఈసారి ఆయన పేపరు పక్కన పెట్టాడు. అలాగా అన్నాడు.

శనివారానికి గానీ డాక్టరు దొరకలేదు. ఆ అయిదు రోజులూ ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఒక కాలేజీ కుర్రాణ్ణి క్లచ్ సగం దాకా వదలడం రాలేదని ఏడిపించేసింది కూడా. ఆఖరి ఆశ కూడా పోయిందన్న కోపం. ఇక ఇది తన ఒంట్లో ఇల్లు కట్టుకున్నట్టే అనుకుంది.

డాక్టరు పరీక్ష చేసి, అదేనంది. నిరాశ పడవద్దంది. ఇద్దరూ సరిగ్గా వాడినా కొందరికి తిరగబెడుతుందని, అప్పుడు ఒక కోర్సు అయ్యాక వారానికి రెండుసార్లు చొప్పున నాలుగైదు నెలలు జెల్ వాడాలని, అదీ కుదరకపోతే ఇంకో దారి ఉందని చెప్పింది. అయితే ముందు ఒకటి తేల్చుకోవాలంది.

"ఇద్దరూ ఒకేరోజు మొదలుపెట్టారు కదా?"

"పెట్టాం మేడమ్."

"ఆయన పూర్తి చేశారా? మీరు చూశారా?"

చూశానని అనబోయి ఆగిపోయింది. చూడలేదు. డాక్టరు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, ఇద్దరికీ మళ్ళీ అవే మందులు రాసిచ్చింది. ఆయన సరిగ్గా వేసుకుని ఉంటే ఆ చీటీ చించేసి జెల్ కోసం రమ్మని, లేకపోతే ఇద్దరూ మొదటినుంచి మొదలుపెట్టమని చెప్పింది.

ఆమె ఇంటికి వెళ్ళలేదు. నేరుగా షాపుకెళ్ళింది. ఎవరూ లేరు. ఆయన స్క్రూడ్రైవరుతో ఒక ఫ్రేము చెవికాడ బిగిస్తున్నాడు. గోడ మీద పెద్ద అక్షరాల నుంచి చిన్న అక్షరాల దాకా వేలాడుతున్న బోర్డు. కింద కూర్చోవడానికి కుర్చీ ఉన్నా ఆమె కూర్చోలేదు. మందులు ఎప్పుడు అయిపోయాయని అడిగింది.

ఆయన తడబడలేదు. సొరుగు తీసి, కళ్ళజోడు పెట్టె మూత తెరిచి చూపించాడు. స్ట్రిప్పులో ఇంకా అయిదు మాత్రలున్నాయి. ట్యూబు సగం నొక్కి ఉంది.

"ఇంకా అయిపోలేదు. మొన్న మంగళవారమే మొదలుపెట్టా. ఒక్క పూట కూడా తప్పలేదు" అన్నాడు, మెచ్చుకుంటుందన్నట్టు.

ఆమెకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. మంగళవారం. తను వంటింట్లో నిలబడి మళ్ళీ వచ్చిందని చెప్పిన మర్నాడు. తను మాత్రలు వేసుకున్న మూడు వారాల తరవాత.

"ఇద్దరం ఒకేరోజు అని గీత గీసి మరీ రాసింది కదా ఆవిడ?"

"రాసింది. కానీ ఆలోచించు. ఇద్దరం ఒకేసారి మింగితే ఎవరి మందు పనిచేసిందో ఎలా తెలుస్తుంది? మా దగ్గర ఎవరొచ్చినా ఒక కన్ను మూసి రెండోది చూస్తాం. రెండూ తెరిచి చూస్తే ఏ కంటికి ఎంత లోపమో తెలియదు. అందుకే ముందు నీది చూద్దామనుకున్నా. ఆ రోజు నువ్వడిగితే తలూపింది కూడా తరవాత వేసుకుంటాలే అనే."

ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి బతికిన మనిషి. అందుకే ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. పచ్చి అబద్ధం చెప్పి ఉంటే మొహాన కడిగేసేది. ఈ తెలివిని ఏం చేసుకోవాలి?

"ఎవరి మందు పనిచేసిందో మీకెందుకండీ? నాకు తగ్గాలి."

ఆయన ఫ్రేము కింద పెట్టాడు. ఆమె వదల్లేదు. బండి ఆపాల్సిన చోట ఆపించకుండా వదిలే మనిషి కాదు.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. నా ఒక్కదాని మందుతోనే తగ్గిపోయి ఉంటే, మీరు ఇవి మింగేవారా?"

ఆయన బోర్డు వైపు చూశాడు, సొరుగు వైపు చూశాడు. ఆమె అలాగే నిలబడింది.

"తగ్గిపోతే ఇంక నాకెందుకు?" అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ.

దాంతో కన్నూ లేదు, పరీక్షా లేదు. తప్పించుకోగలిగితే తప్పించుకుందామనుకున్నాడు. తేల్చుకునే పరీక్షేదో ఆమె ఒంటి మీద జరిగితే చాలనుకున్నాడు. ఆమె ఏడాదిన్నర నుంచి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక బాత్రూములో పళ్ళు నూరింది. ఇప్పుడు తెలిసింది. తెలిసినా హాయిగా లేదు. డాక్టరు చీటీ కౌంటరు మీద పెట్టి, ఈ అయిదూ అవతల పారేయండి, సోమవారం నుంచి ఇద్దరం కొత్తవి మొదలుపెట్టాలి అని చెప్పి బయటికొచ్చేసింది.

ఆ రాత్రి నుంచి దిండు తీసుకుని కూతురి గదిలోకి మారింది. నాన్న గురక పెడుతున్నాడా అని ఆ పిల్ల అడిగితే, ఔనంది. ఆదివారం అక్క ఫోను చేస్తే తియ్యలేదు. ఇస్త్రీ చేసింది, ఏ పూట ఎవరికి కారో చార్టు రాసుకుంది, పిల్లకు లెక్కలు చెప్పింది.

సోమవారం పొద్దున ఆరు గంటలకు టేబుల్ మీద రెండు గ్లాసుల నీళ్ళు పెట్టింది. ఇటు ఒక స్ట్రిప్పు, అటు ఒక స్ట్రిప్పు. పిల్ల ఇంకా లేవలేదు. ఆయన వచ్చి కూర్చుని మాత్ర చేతిలోకి తీసుకున్నాడు గానీ నోటిదాకా పోనివ్వలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"మళ్ళీ మొదటినుంచా?" అన్నాడు. "ఆ అయిదూ మింగేస్తే నాది అయిపోయేది. నీకు తెలియదు గానీ, నోరంతా తుప్పు. నాలుగు రోజులు ఏం తిన్నా అదే రుచి. షాపులో కూర్చుంటే కడుపులో ఒకటే తిప్పడం. ఇంకో ఏడు రోజులంటే నావల్ల అవుతుందో లేదో."

ఆమె తన స్ట్రిప్పులోంచి మాత్ర నొక్కి అరచేతిలో వేసుకుంది.

"నాకిది ఏడో కోర్సు" అంది.

ఆయన తలెత్తి చూశాడు. నిజంగానే తెల్లబోయాడు. తన నాలుగు రోజుల్ని ఆమె నెలలతో గుణించి చూసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

"ఏడా? రెండో మూడో అనుకున్నా. ఇన్నిసార్లని నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. ప్రతిసారీ చెప్పాను."

ఆయన మాత్ర నాలుక మీద పెట్టుకుని గ్లాసు ఎత్తాడు. గొంతులోంచి కిందికి దిగేదాకా ఆమె చూస్తూ నిలబడింది. ఆ తరవాతే తనది మింగింది.